నలభై ఒకటి దగ్గర ఆగిన కడియం

"నలభై ఒకటి!"

నాలుగో మంచం మీంచి ఓదెలు గొంతు వార్డంతా వినిపించింది. నీలవేణి ఇంకా గాలితెర దాటనేలేదు. తలుపు ఉండాల్సిన చోట పైనుంచి కిందికి జారే ఆ చల్లటి ధారలో నిలబడి, బట్టలకంటిన బయటి గాలి రాలిపోయేదాకా పది లెక్కపెట్టాలి. ఆమె ఆరు దాకా వచ్చిందో లేదో, అవతల నుంచి ముసలాయన ఆమె అంకె చదివేశాడు.

"ఇయ్యాల గూడ నలభై ఒకటేనా?" అని పదో మంచం మీది బుచ్చవ్వ అడిగింది.

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్. నలభై ఒకటే."

వార్డులో ఏదో గుసగుస నడిచింది. నీలవేణి లోపలికి అడుగు పెట్టగానే అది ఆగిపోయింది. పన్నెండు మంచాల మీది పన్నెండు మందీ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. బయట చూడడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకప్పుడు బొగ్గు తవ్విన గోతులు ఇప్పుడు చెరువులయ్యాయి. ఒడ్డున టేకు చెట్లు, నీళ్ళ మీద కొంగలు. ఆ కొంగలనే ఇరవై రోజులుగా వాళ్ళు అంత శ్రద్ధగా చూస్తున్నారు.

ఈ కాలంలో నర్సు ముఖాన్ని ముందుగా ఎవరూ చూడరు. కుడిచేతి మణికట్టు చూస్తారు. అక్కడ రక్షకడియం ఉంటుంది. గాజంత సన్నగా, వెండి రంగులో ఉండే ఆ కడియం చెమటను బట్టి, ఒంట్లో టీకా ఇచ్చిన రక్ష ఇంకా ఎన్ని రోజులు నిలుస్తుందో అంచనా కట్టి అంకె చూపిస్తుంది. రోగికి నమ్మకం కలగాలని అంకెను చేతి పైవైపు పెద్దగా కనబడేటట్టు పెట్టారు.

అది ఊరికే రాలేదు. చిత్తడి జ్వరం మొదటిసారి వచ్చినప్పుడు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళందరికీ ఒకే రోజున టీకా వేశారు. ఆరు నెలలు భయం లేదన్నారు. కానీ ఒంటికి క్యాలెండరు తెలియదు. కొందరిలో రక్ష ఏడాది నిలిచింది. కొందరిలో మూడు నెలలకే వట్టిపోయింది. ఎవరిది ఎప్పుడు వట్టిపోయిందో తెలియక, ఆ వానాకాలం నర్సులే రోగుల పక్కన మంచాలెక్కారు. ఆ తరువాతనే కడియం వచ్చింది. ఇప్పుడు అంకె ఇరవైకి దిగితే ఎంతటి నర్సయినా వార్డు వదలాలి. మళ్ళీ టీకా వేయించుకుని, అంకె పైకెక్కేదాకా పద్నాలుగు రోజులు రికార్డుల గదిలో కూర్చోవాలి. దాన్ని పక్కపని అంటారు.

అందరికీ ఏడాదికి రెండుసార్లు పక్కపని. నీలవేణికి నాలుగుసార్లు. టీకా వేసుకున్నాక తోటివాళ్ళ కడియాలు నూట ఎనభై, రెండు వందలు చూపిస్తే, ఆమెది తొంభై ఆరు దాటేది కాదు. అదైనా రోజుకు ఒకటి చొప్పున దిగుతుందా అంటే, ఒక్కోరోజు రెండు దిగేది. "నీ రక్ష చిల్లుకుండమ్మా" అని తోటి నర్సులు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. తరువాత రికార్డుల గదిలో ఒక్కతే కూర్చుని కాగితాలు సర్దుకునేది.

అటువంటి అంకె పదకొండు రోజులుగా నలభై ఒకటి దగ్గర నిలబడిపోయింది.

*

"ఇదిగో అమ్మాయ్, కూర్చో ముందు" అంది ఎస్తేరు సిస్టర్. ముప్పై ఏళ్ళ కింద తెనాలి నుంచి ఈ అడవికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్ద నర్సు ఆమె. ఎదుట గోడ మీద 'ఎరుక' పంపిన తాఖీదు వెలుగుతోంది. ఆసుపత్రిలోని ప్రతి కడియాన్నీ, ప్రతి మంచాన్నీ కనిపెట్టుకుని ఉండే యంత్రం అది. దానికి కోపం, కనికరం ఉండవు. లెక్క కుదరకపోతే మాత్రం ఊరుకోదు.

"రెండు తప్పులు పట్టింది. ఒకటి, నీ అంకె కదలడం లేదు. రెండోది, ఇరవై రోజులుగా నీ డ్యూటీలో ఒక్క రోగి కూడా పిలుపుబిళ్ళ నొక్కలేదు. మిగతావాళ్ళ డ్యూటీలో రోజుకి అరవైసార్లు నొక్కుతున్నారు. నీకు మాత్రం సున్నా."

నీలవేణి కడియం వైపు చూసుకుంది.

"పదకొండింటికి రక్షాపరిశీలకుడు వస్తున్నాడు. కడియంతో ఏదన్నా చేశావని తేలితే నర్సుల పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. ఇది కాదు, ఇంకే ఆసుపత్రీ ఉండదు. నిజం చెప్పు, ఏదన్నా చేశావా?"

"లేదు సిస్టర్."

"మరి ముఖం ఎందుకలా పెట్టావు?"

నీలవేణి జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. కాగితం మీద రాసుకునేవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఇద్దరే, ఆమె, వంటింటి పెద్దమనిషి. రోజూ పొద్దున అంకె, దాని పక్కన ఇంకేవో నాలుగు మాటలు రాసి ఉన్నాయి.

"అంకె ఆగిందని మూడో రోజుకే తెలిసింది సిస్టర్. కడియం చెడిందేమో అనుకున్న. మీకు చెప్పాలె. చెప్పలేదు."

"ఎందుకు?"

"చెప్తే పక్కపనికి పంపుతరు గదా. వాన మొదలైనప్పటి నుంచి ఇక్కడనే ఉన్న. మొదటిసారి ఒక వార్డుల రెండు నెలలు ఉన్న. ఇంకొన్ని రోజులుందామని…" ఆమె నోటుపుస్తకం మూసింది. "వాళ్ళకు మాత్రం నేను ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. నేను లోపటికి రాంగనే మాటలు బందు చేస్తరు. ఒక్కరు నీళ్ళు అడగరు. చిల్లుకుండ మీద ఎవలకు నమ్మకముంటది?"

ఎస్తేరు సిస్టర్ బల్ల మీదున్న అరటిపండు ఆమె చేతిలో పెట్టింది. "తిను. ఏడుపుకి కూడా బలం కావాలి."

*

అది కోలుకునేవాళ్ళ వార్డు. జ్వరం తగ్గినా మూడు నాలుగు వారాలపాటు ఊపిరిలో చిత్తడి జ్వరపు క్రిమి మిగిలే ఉంటుంది కనుక ఇళ్ళకు పంపరు. మనుషులు లేచి తిరుగుతారు, తింటారు, పోట్లాడుకుంటారు. పని తక్కువేం కాదు.

కానీ నీలవేణికి పని దొరకడం లేదు. ఆ పొద్దున కూడా ఒకటో మంచం నుంచి మొదలుపెట్టింది. నీళ్ళ చెంబు నిండి ఉంది. రెండో మంచం దుప్పటి మడతపెట్టి ఉంది. ఏడో మంచం మీది వెంకటి తాతకు ఎనభై నాలుగేళ్ళు, ఒంటరిగా నడవలేడు. ఆయన అప్పటికే స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"స్నానం ఎవలు చేపిచ్చిన్రు తాతా?"

"అదే అయింది" అన్నాడు ఆయన కొంగల వైపు చూస్తూ.

మందులు మోసుకొచ్చే తోడుబండి ఆమె వెనకాలే చక్రాల మీద వచ్చి, "దయచేసి నోరు తెరవండి" అంది పుస్తకం చదువుతున్నట్టుండే గొంతుతో. అందరూ ఎవరి మాత్ర వాళ్ళు తీసుకుని మింగేశారు. ఎవరూ మారాం చేయలేదు. మధ్యాహ్నం దాకా జరగాల్సిన పని తొమ్మిదిన్నరకే ముగిసింది. నీలవేణి కాసేపు నిలబడి, ఏం చేయాలో తోచక, బుచ్చవ్వ పక్కన కూర్చుని ఆమె జడ విప్పి మళ్ళీ అల్లింది. అది ఒక్కటే ఇంకా ఆమెకు మిగిలిన పని. బుచ్చవ్వ కళ్ళు మూసుకుని అల్లించుకుంది గానీ, మధ్యలో, "సాలు బిడ్డా, కూసో. నిలవడకు" అంది.

అంత మాత్రం కూడా నన్ను తాకనీయరా అనుకుంది నీలవేణి.

*

పరిశీలకుడు పరాంకుశం సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో చుక్కపెట్టె. ఆయన గాలితెరలో పది లెక్కపెట్టి లోపలికి అడుగు వేయబోతే, ఓదెలు మంచం దిగి ఎదురుగా వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ అంకె ఎంత సార్?"

"ఏమిటి?"

"అంకె. చెయ్యి చూపియ్యున్రి."

పరాంకుశం మణికట్టు చూసుకున్నాడు. అక్కడ చేతి గడియారం గుర్తు తప్ప ఏమీ లేదు. "నేను పరిశీలకుణ్ణి. మాకు కడియాలు ఇవ్వరు. అవి వార్డుల్లో పనిచేసేవాళ్ళకే."

"గట్లయితే ఆన్నే ఉండున్రి. అంకె లేనోళ్ళను రానియ్యద్దని మా సిస్టరమ్మ చెప్పింది. ఆమె నౌకరి గురించే వచ్చిన్రు గదా, ఆమె చెప్పిన మాట మీరే ఇనకుంటే ఎట్ల?"

ఆయన వెనకే వచ్చిన ఎస్తేరు సిస్టర్ దగ్గు వచ్చినట్టు నటించి అటు తిరిగింది. చివరికి బయటివాళ్ళకిచ్చే ఊపిరిముసుగు తెప్పించారు. తలంతా కప్పే ఆ బుడగలో ఆయన మాట పీపాలోంచి వచ్చినట్టు వినిపించసాగింది.

ముందు నీలవేణి వేలి నుంచి ఒక రక్తపు చుక్క తీసి పెట్టెలో వేశాడు. పెట్టె పది నిమిషాలు ఆలోచించింది. ఆ పది నిమిషాలూ వార్డులో కొంగలను ఎవరూ చూడలేదు. నీలవేణి మాత్రం నేల వైపే చూస్తూ నిలబడింది. పేరు కొట్టేస్తే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలియదు.

పెట్టె వెలిగింది. పరాంకుశం రెండుసార్లు చదివాడు.

"నలభై ఒకటి" అన్నాడు. "కడియం సరిగ్గానే ఉంది. మోసం లేదు."

ఎస్తేరు సిస్టర్ గట్టిగా ఊపిరి వదిలింది. ఆయన మాత్రం పెట్టె మూయలేదు. "అయితే ఇది ఇంకా కష్టం. రక్ష తరగాలి. ఈమెది అందరికంటే త్వరగా తరగాలి. పదకొండు రోజులు ఆగడం నేనెక్కడా చూడలేదు. ఇక రెండో సంగతి." ఆయన రోగుల వైపు తిరిగాడు. "ఇరవై రోజులుగా ఈ సిస్టర్‌ని మీలో ఎవరూ పిలవలేదు. ఈమె సరిగా చూడడం లేదా? భయపడకుండా చెప్పండి. కావాలంటే వేరే నర్సుని వేయిస్తాను."

ఓదెలు దిండు సవరించుకున్నాడు. వెంకటి తాత కళ్ళు తుడుచుకున్నాడు.

"చెప్పకపోతే మీకు ఈమె ఇష్టం లేదని రాసుకోవాల్సి వస్తుంది."

"ఏంది రాసేది?" బుచ్చవ్వ ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. "ఇష్టం లేదా? మేమేమన్న దుష్మన్లమా? ఓ ఓదెలూ, ఇగ చెప్తవా, నన్ను చెప్పమంటవా? పిల్ల ముఖం సూడు, ఎట్లయిందో!"

ఓదెలు తలగడ కింద నుంచి ఒక అట్టముక్క తీశాడు. మందుల పెట్టె చింపి వెనకవైపు గీతలు కొట్టిన పట్టీ అది. ఎవరి పేరుకెదురుగా వాళ్ళ పని రాసి ఉంది. నీళ్ళు ఒకరు, దుప్పట్లు ఇద్దరు, వెంకటి తాత స్నానానికి ముగ్గురు, రాత్రి ఎవరికన్నా దగ్గు వస్తే లేపాల్సినవాళ్ళు వేరు.

"నేను మా డిపోల ఆఖరి కండక్టర్ని సార్" అన్నాడు. "నా తరువాత బస్సులు వాటంతట అవే నడిసినయ్. అప్పట్ల టికెట్ల కట్ట చేతుల ఉండేది. ఎక్కినోళ్ళు ఎక్కినట్టు చింపుకుంట పోతే కట్ట పల్చవడేది. సిస్టరమ్మ చేతి మీద అంకె గూడ అంతే అనుకున్నం. మేం బిళ్ళ ఒత్తుడు, ఆమె ఉరుకుడు, అంకె దిగుడు. మిగిలినోళ్ళయి పెద్ద కట్టలు. మా పిల్లది చిన్న కట్ట. యాభై రెండు ఉన్ననాడు పన్నెండు మందిమి కూసోని మాట్లాడుకున్నం. ఈమె డ్యూటీల ఎవలూ బిళ్ళ ముట్టద్దని. ముట్టినోళ్ళకు ఆ రోజు చాయ్ బందు."

"మాట్లాడియ్యద్దని గూడ అనుకున్నం" అంది బుచ్చవ్వ. "మాట్లాడితే ఆమె కూసోని ఇంటది. ఇన్నంతసేపు తరిగిపోతదేమోనని."

ఇరవై రోజుల ఆ మౌనమంతా ఒక్కసారిగా నీలవేణి చుట్టూ తిరిగి, ఇంకో ముఖంతో నిలబడినట్టయింది.

"పోయిన యేడు నేను గిట్లనే జ్వరమొచ్చి ఈడ పండుకున్నప్పుడు గీమెను పక్కపనికి తోలిన్రు" బుచ్చవ్వ ఇంకా ఆగలేదు. "పద్నాలుగు రోజులు గా బండితోటే సంసారం చేసిన. నోరు తెరువుమంటది. తెరిసినంక నా కష్టం ఏందో, నా బాధ ఏందో అడగది. ఈ పిల్లయితే లేపేటప్పుడు మొకం మీద లైటు ఎయ్యది. కాలి బొటనవేలు పట్టుకోని లేపుతది. మా అమ్మ గట్లనే లేపేది."

నీలవేణి వాళ్ళ వైపు తిరిగింది. "వెంకటి తాత జారిపడితే ఏం చేసేటోళ్ళు? ముగ్గురూ మొన్నటిదాకా జ్వరంతోటి పండుకున్నోళ్ళేనాయె!"

"తిట్టు బిడ్డా, తిట్టు" అన్నాడు వెంకటి తాత సంతోషంగా. "ఇరవై దినాలాయె నీ తిట్లు ఇనక."

బుడగ లోపల పరాంకుశం ముఖం కాస్త ఎర్రబడింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి, మీరు పొరపాటు పడ్డారు. రక్ష అనేది టికెట్ల కట్ట కాదు. నడిస్తే తరిగేది కాదు, కూర్చుంటే మిగిలేది కాదు. టీకా వేసుకున్న నాటి నుంచి ఒంట్లో దానంతట అదే తగ్గుతూ వస్తుంది. మీరు పిలిచినా, పిలవకపోయినా…"

"మరి ఆగింది గదా?" అన్నాడు ఓదెలు.

ఆయన పెట్టెలోని అంకె మళ్ళీ చూశాడు.

ఎస్తేరు సిస్టర్ నీలవేణి జేబులోంచి నోటుపుస్తకం లాగి ఆయన ముందు పెట్టింది. "అంకె పక్కన ఈ పిల్ల ఇంకేదో రాసుకుంది. చూడండి."

ఆయన చదివాడు. వానాకాలం మొదట్లో ఒక రోజు: 'ఎనభై రెండు. అన్నం నాలుగింటికి. నిద్ర నాలుగు గంటలు.' ఇంకో రోజు: 'డెబ్బై. అన్నం లేదు, బిస్కట్లు.' కొన్ని పుటలు తిప్పాక: 'నలభై నాలుగు. అన్నం ఒకటిన్నరకు. నిద్ర ఏడు గంటలు.' ఆ తరువాత అన్నీ ఒకటిన్నరలే, ఏడు గంటలే, నలభై ఒకట్లే.

"ఇది ఎందుకు రాశారు?"

"మా అమ్మ రోజూ ఫోన్ల అడుగుతది సార్, ఎన్నింటికి తిన్నవు, ఎంతసేపు పండుకున్నవు అని. మర్చిపోతనని రాసుకుంట" అంది నీలవేణి సిగ్గుపడుతూ.

"కడియం కూడా నిద్ర లెక్క తీసుకుంటుంది" అన్నాడాయన నెమ్మదిగా. "మేమెప్పుడూ ఆ లెక్క అడగలేదు." మళ్ళీ మొదటి పుటకు వెళ్ళాడు. "ఒక్క మనిషి సంగతి చూసి ఏదీ తేల్చలేం. కారణం ఇదే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. వెయ్యిమందిని చూస్తే గానీ తెలియదు. ఈ పుస్తకానికి నకలు తీసుకోవచ్చా?"

"నర్సు టైముకి తిని, టైముకి పడుకోవాలని నేను ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను" అంది ఎస్తేరు సిస్టర్. "నా మాట ఎవరు విన్నారు? ఇప్పుడు వెయ్యిమందిని చూసి చెప్తారట!"

తాఖీదు మూయాలంటే ఎరుకకు కారణం చెప్పాలి. అది మూడు కారణాలే ఒప్పుకుంటుంది: పరికరం చెడింది, మనిషి మోసం చేసింది, తెలియదు. పరాంకుశం మూడింటి మీదా వేలు ఆడించాడు. చివరికి 'తెలియదు' నొక్కి, దాని కింద తన మాటగా ఒక వాక్యం చేర్చాడు: 'రోగులు నర్సును చూసుకున్నారు.' ఎరుక ఆ వాక్యం అర్థం కావడం లేదని రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి ఊరుకుంది.

వెళ్ళేముందు ఆయన రోగులకు మళ్ళీ నచ్చజెప్పాడు. బిళ్ళ నొక్కితే అంకె తెగదు. దగ్గు వచ్చినా, కళ్ళు తిరిగినా తప్పకుండా నొక్కాలి. తాతకు స్నానం నర్సే చేయించాలి. నీలవేణి అన్నం వేళ మాత్రం ఒకటిన్నరే ఉండనివ్వాలని ఎస్తేరు సిస్టర్‌తో అన్నాడు. ఓదెలు అన్నింటికీ తల ఊపి, "సార్, మళ్ళొచ్చేటప్పుడు కడియం పెట్టుకోని రాండ్రి" అన్నాడు.

ఆయన పోయిన ఐదు నిమిషాలకు పదో మంచం మీద పిలుపుబిళ్ళ మోగింది. ఇరవై రోజుల తరువాత మొదటి మోత. నీలవేణి పరుగెత్తింది.

"ఏం గావాలె అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. ఒత్తి సూసిన." బుచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుని అంకె దగ్గరగా పెట్టుకుని చూసింది. "తెగలే!"

ఆమె ఆ మాట అన్నదే ఆలస్యం, పన్నెండు బిళ్ళలూ ఒకేసారి మోగాయి. ఒకరికి నీళ్ళు, ఒకరికి కిటికీ, ఒకరికి ఊరికే మాట. వెంకటి తాతకు మనవరాలి పెళ్ళి సంగతి మొదటి నుంచీ చెప్పాలి. నీలవేణి ఆ రోజు నవ్వుతూనే ఉరికింది. ఒకటిన్నరకు ఓదెలు చప్పట్లు చరిచి, "అన్నం! అన్నం! ఎవలూ ఒత్తద్దు" అని అరిచాకే బిళ్ళలు ఆగాయి.

*

మర్నాడు పొద్దున ఆమె గాలితెరలో నిలబడి పది లెక్కపెట్టింది. అవతల నుంచి ఏ కేకా వినబడలేదు. ఓదెలు కళ్ళు చిన్నవి చేసుకుని ఆమె చేతినే చూస్తున్నాడు.

"నలభై" అన్నాడు ఎట్టకేలకు, చిన్న గొంతుతో.

వార్డంతా పదో మంచం వైపు తిరిగింది. బుచ్చవ్వ ముఖం పాలిపోయింది. పిలుపుబిళ్ళను మెల్లగా దిండు కిందికి తోసేసి, దాని మీద తల పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. పరిశీలకుడు ఎంత చదువుకున్నవాడైనా, వాళ్ళు నమ్మింది టికెట్ల కట్ట పట్టుకున్న ఓదెలు చేతినే.

నీలవేణికి నిన్న ఆయన చెప్పినవన్నీ గుర్తున్నాయి. రక్ష దానంతట అదే తరుగుతుంది. ఎవరి తప్పూ లేదు. ఇవాళ కాకపోతే రేపు దిగాల్సిందే. అవన్నీ మళ్ళీ చెప్పొచ్చు.

ఆమె నేరుగా పదో మంచం దగ్గరికి వెళ్ళి, బుచ్చవ్వ కాలి బొటనవేలు పట్టుకుంది. అవ్వ ఒక కన్ను తెరిచింది.

"అవ్వా, లే. నిన్నటిది ఒక్కటే నీ కోసం చింపిన. నీ టికెట్ అది. పైసలు గూడ తీసుకోలే."

బుచ్చవ్వ బోసినోటితో నవ్వుతూ దిండు కింద నుంచి బిళ్ళ తీసి ఒళ్ళో పెట్టుకుని, జడ అల్లడానికి వీలుగా అటు తిరిగి కూర్చుంది.

నాలుగో మంచం మీద ఓదెలు లేచి నిలబడి, ఎదురుగా ఉన్న మంచం ఇనుప కడ్డీని అరచేత్తో రెండుసార్లు గట్టిగా తట్టాడు.

"రైట్, రైట్!"